జీతం పంపే ముందు ఊళ్లో ఖాతా సంగతి కనుక్కోండి

బ్యాంకుతో పని లేకుండా డబ్బు చేరవేసే హుండీవాడికి దినార్లు ఇవ్వకండి. ఈ నెలే కాదు, ఇక ఎప్పుడూ ఇవ్వకండి. సబా అల్ సలేం విల్లాల్లో ఇంటిపని చేసే అక్కచెల్లెళ్లకు, బండి తోలే అన్నదమ్ములకు, వంటపని, తోటపని చేసుకునే అందరికీ చెప్పాల్సిన మాట ముందే చెప్పేస్తున్నాం. మీరు ఇక్కడ లెక్కపెట్టి ఇచ్చే కష్టార్జితానికి బదులు ఊళ్లో మీ అమ్మ ఖాతాలో పడే రూపాయలు, ఎక్కడో ఎవరినో మోసం చేసి లాగిన సొమ్ము కావచ్చు. మోసపోయినవాళ్లు సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు నడిచిన దారిలో ఉన్న ఖాతాలు వరసగా ఆగిపోతాయి. అందులో మీ అమ్మ ఖాతా కూడా ఉండొచ్చు. పిల్లల చదువు డబ్బు, పొలం డబ్బు, గ్యాస్ డబ్బు పడేదీ చాలా ఇళ్లలో ఆ ఒక్క ఖాతాలోనే.

కువైట్ నగరానికి దక్షిణాన, ముబారక్ అల్ కబీర్ గవర్నరేట్‌లో ఉంది సబా అల్ సలేం. కువైటీ కుటుంబాలు కాపురముండే ప్రాంతం. నగరంలోని మాలియాలో శుక్రవారం కనబడే తెలుగు సందడి ఇక్కడి వీధుల్లో ఉండదు. మనవాళ్లు ఇళ్ల లోపల ఉంటారు. రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు నుంచి వచ్చినవాళ్లు, రాజోలు, అమలాపురం, నరసాపురం నుంచి వచ్చినవాళ్లు ఒకే వీధిలో రెండు గోడల అవతల ఉండి కూడా నెలల తరబడి ఒకరి మొహం ఒకరు చూడరు. వారానికో రోజు సెలవు ఇవ్వాలని కువైట్ ఇంటిపనివాళ్ల చట్టం చెబుతోంది. అది అందరికీ అందుతోందా అంటే లేదు. డబ్బు పంపే ఎక్స్‌ఛేంజి దాకా పోయి రావాలంటే మామా (ఇంటి యజమానురాలు) ఒప్పుకోవాలి, ఎవరో ఒకరు బండిలో దించాలి. అందుకే హుండీవాడి ఆట సాగుతోంది. గేటు దగ్గరికే వస్తాడు. బతాకా (గుర్తింపు కార్డు) అడగడు. అకామా (నివాస అనుమతి) ఉందా, అయిపోయిందా చూడడు. రేటు కాస్త ఎక్కువ కట్టిస్తాడు. జీతం ఆలస్యమైతే ముందే ఊళ్లో డబ్బు వేయించి, తర్వాత తీసుకుంటాడు. ఈ సౌకర్యం నిజమే, కాదనం. కానీ దాని వెల మీరు ఇక్కడ కట్టడం లేదు, మీ అమ్మ అక్కడ కడుతోంది.

పాత హుండీ వేరు. ఒక మనిషి బైకు మీద ఇంటికొచ్చి నోట్లకట్ట ఇచ్చి పోయేవాడు. అప్పుడూ అది చట్టవిరుద్ధమే. కాకపోతే బ్యాంకు పుస్తకంలో దాని జాడ ఉండేది కాదు. 2016లో నోట్ల రద్దు జరిగి, ఆ తర్వాత పల్లెపల్లెకూ ఫోన్‌పే, గూగుల్‌పే వచ్చేశాక చాలాచోట్ల ఆ పని ఫోన్‌లోకి మారిపోయింది. మీరు ఇచ్చిన దినార్లు కువైట్‌లోనే ఉండిపోతాయి. ఊళ్లో మీ అమ్మకు రూపాయలు వేయాల్సిన పని ఇంకొకడికి అప్పగిస్తారు. వాడి దగ్గర రూపాయలు ఎక్కడివి? ఆన్‌లైన్ బెట్టింగులో వసూలైనవి కావచ్చు. దొంగ ట్రేడింగ్ యాప్‌లో ఎవరో పోగొట్టుకున్నవి కావచ్చు. డిజిటల్ అరెస్టు అని బెదిరించి ఏ రిటైర్డ్ మాస్టారి దగ్గరో గుంజినవి కావచ్చు. అలాంటి సొమ్మును మోసగాళ్లు ఒకే చోట ఉంచరు. నెలకింత అని అద్దెకు తీసుకున్న ఖాతాల మీదుగా తిప్పుతూ, చిన్నచిన్న ముక్కలు చేసి వదిలించుకుంటారు. వాళ్లకు హుండీ సరైన కాలువ. అటు దినార్లు చేతికొస్తాయి, ఇటు దొంగ రూపాయలు మీ అమ్మ ఖాతాలో పడతాయి.

మోసపోయిన మాస్టారు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు. ఫిర్యాదు నమోదైన వెంటనే ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో బ్యాంకులు వెతుకుతాయి. మొదటి ఖాతా, దాని నుంచి రెండోది, మూడోది. చివర్లో రాయచోటిలో ఉన్న ముసలమ్మ ఖాతా వస్తుంది. కొన్ని బ్యాంకులు వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రమే పట్టిపెడతాయి. కొన్ని ఖాతా మొత్తాన్ని ఫ్రీజ్ చేస్తాయి. అలా చేసినప్పుడు డబ్బు లోపలికి వస్తుంది, బయటికి రాదు. పిల్లల చదువుకు సర్కారు ఇచ్చే తల్లికి వందనం 13,000 పడినట్టు మెసేజ్ వస్తుంది, ఏటీఎంకి పోతే కార్డు పనిచేయదు. మేనేజరును అడిగితే ఫలానా రాష్ట్రంలో ఫలానా సైబర్ స్టేషన్ వాళ్లు ఆపమన్నారు, వాళ్లతోనే మాట్లాడుకోమంటాడు. ఆ స్టేషన్ గుజరాత్‌లో ఉండొచ్చు, మహారాష్ట్రలో ఉండొచ్చు. చదువు రాని మనిషి, కూతురు కువైట్‌లో, అల్లుడు కూలిపనికి పోయే ఇల్లు. ఎవరు పోతారు? పోయినా ఏం చూపిస్తారు? ‘నా బిడ్డ కువైట్‌లో కష్టపడి పంపిన డబ్బు సార్’ అంటుంది. రసీదు ఏదమ్మా అంటారు. హుండీకి రసీదు ఉండదు. పైగా ఆ మాట అన్నాక ఇంకో చిక్కు. హుండీలో డబ్బు తెప్పించుకోవడం 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం కింద తప్పు. అందులో ఉన్న మొత్తానికి మూడింతల దాకా జరిమానా వేసే వీలుంది.

మన రాష్ట్రాల్లో పేద ఇంటికి ఇప్పుడు ఆ ఖాతాలోనే రెండు రకాల నగదు చేరుతోంది. ఒకటి సర్కారు వేసేది, రెండోది గల్ఫ్ నుంచి వచ్చేది. సర్కారు నగదు బదిలీని 2013 జనవరి 6న అప్పటి కేంద్ర మంత్రులు చిదంబరం, జైరాం రమేశ్ అప్పటి తూర్పుగోదావరి జిల్లా గొల్లప్రోలులో మన దగ్గర మొదలుపెట్టారు. కువైట్‌కు ఆడవాళ్లను ఎక్కువగా పంపిన జిల్లాల్లో అదొకటి. ఆ తర్వాత తెలంగాణలో 2018లో రైతుబంధు, ఆంధ్రలో 2020లో అమ్మఒడి, చేయూత, ఇప్పుడు తల్లికి వందనం, అన్నదాత సుఖీభవ వచ్చాయి. చేతికి డబ్బిస్తే జనం సోమరులవుతారని, తాగేస్తారని అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ మాటతో మేం ఏకీభవించం. మధ్యప్రదేశ్‌లో ‘సేవా’ అనే మహిళా సంఘం యూనిసెఫ్ సాయంతో కొన్ని పల్లెల్లో మనిషికింత అని నెలనెలా ఇచ్చి చూసింది. తిండి మెరుగైంది, పిల్లలు బడికి పోవడం పెరిగింది, మేకలో బర్రెలో కొనుక్కున్నారు. బ్రెజిల్‌లో 2003లో మొదలైన బోల్సా ఫమీలియా తల్లి పేరునే డబ్బు ఇస్తూ వచ్చింది. చెప్పిన రోజున, చెప్పినంత, చెప్పిన మనిషి చేతికి అందితే ఆ డబ్బు ఇంటిని నిలబెడుతుంది. ఎప్పుడొస్తుందో తెలియకపోతే, వచ్చినా తీసుకోలేకపోతే మాత్రం అదే డబ్బు అప్పుకు దారి తీస్తుంది.

ఈ అప్పు గురించి గట్టిగా చెప్పాలి. పిల్లల ఫీజుకు సర్కారు డబ్బు ఉంది కదా అనుకుని వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పోసి కువైట్ ఎక్కిన తల్లులున్నారు. అమ్మఒడి డబ్బు చివరిసారి విడుదలైంది 2023 జూన్ 28న, కురుపాం సభలో. మళ్లీ తల్లి ఖాతాలో డబ్బు పడటం మొదలైంది 2025 జూన్ 12న, తల్లికి వందనం పేరుతో. నడుమ దాదాపు రెండేళ్లు. 2024 మే పోలింగుకు ముందు బటన్ నొక్కి విడుదల చేసిన కొన్ని పథకాల డబ్బు కూడా ఎన్నికల సంఘం అభ్యంతరంతో పోలింగు అయ్యేదాకా ఆగింది. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, తేదీ మారుతుంది, అర్హతలు మారతాయి. వడ్డీ మాత్రం ఏ నెలా ఆగదు. కాబట్టి ఇంకా రాని పథకం డబ్బును నమ్ముకుని అప్పు చేయొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి. చేయించేది ఏజెంటైతే ఇంకా గట్టిగా చెప్పండి. కువైట్ చట్టం ప్రకారం ఇంటిపనికి వచ్చే మనిషి దగ్గర మక్తబ్ (పనికి కుదిర్చే ఆఫీసు) వాళ్లు డబ్బు తీసుకోకూడదు. మీ దగ్గర లక్షలు తీసుకున్నవాడు ఆ చట్టాన్ని అప్పుడే తొక్కేశాడు.

ఇక హుండీవాళ్లు ఈమధ్య వాడుతున్న బెదిరింపు ఒకటుంది. బ్యాంకులో కువైట్ డబ్బు కనబడితే రేషన్ కార్డు పోతుంది, తల్లికి వందనం ఆగుతుంది అంటున్నారు. ఇందులో నిజమెంత? ఆంధ్రలో అర్హత తేల్చేటప్పుడు చూసేవి ఇవి: మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటిందా, నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు కాలిందా, నాలుగు చక్రాల బండి ఉందా, ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నాడా, ఆదాయపు పన్ను కడుతున్నారా, పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లుందా. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. కూతురు ఎక్స్‌ఛేంజి ద్వారా అమ్మకు పంపిన డబ్బు ఈ జాబితాలో లేదు. దాని మీద అమ్మ పన్ను కట్టక్కర్లేదు కూడా. కువైట్ డబ్బుతో కారు కొని, ఏసీలు పెట్టుకుంటే పథకం పోవచ్చు. డబ్బు బ్యాంకు ద్వారా రావడం వల్ల కాదు.

అయితే ఆదాయ పరిమితి అని ఇంకొకటుంది: పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000. కువైట్‌లో ఇంటిపనికి 2016లో పెట్టిన కనీస వేతనం 60 దినార్లు. రూపాయల్లో చూస్తే పదహారు వేలకు పైమాటే. కన్నబిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి, పరాయి ఇంట్లో పగలూ రాత్రీ చాకిరీ చేసే మనిషి కాగితం మీద ఆ గీత దాటేసినట్టే. జనం భయపడేది దీనికే. ఆ భయమే హుండీవాడికి పెట్టుబడి. ఇంటిపనివాళ్లు పంపే డబ్బును ఈ లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది ఆంధ్ర ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో తేల్చేయవచ్చు. తీసుకోబోమని చెప్పాలని మా అభిప్రాయం. చెప్పనన్నాళ్లూ ఈ కుటుంబాలను చీకటి దారిలోకి నెడుతున్నది ప్రభుత్వమే.

పీఎం కిసాన్ సంగతి మాత్రం వేరు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఎన్నారై అయినవాళ్లకు ఆ పథకం వర్తించదు. పొలం మీ పేరున ఉండి, మీరు ఏళ్లుగా ఇక్కడుండగా ఏటా ఆ 6,000 పడుతుంటే ఏదో ఒక రోజు తిరిగి కట్టమంటారు. ఇప్పుడే మండల వ్యవసాయాధికారిని కలిసి సరిచేయించుకోమని ఇంటికి చెప్పండి. మీ సొంత ఖాతా కూడా అంతే. ఊళ్లో ఉన్నప్పటి మామూలు పొదుపు ఖాతాను అలాగే నడపకూడదు, ఎన్నారో ఖాతాగా మార్పించుకోవాలి. కువైట్ జీతం దాచుకోవడానికి ఎన్నారై ఖాతాల్లో ఎన్నారీ ఖాతా మేలు. దాని వడ్డీ మీద ఇండియాలో పన్ను లేదు, ఎంతైనా తిరిగి విదేశానికి తీసుకెళ్లొచ్చు.

ఆడవాళ్లు ఇంకో సంగతి ఆలోచించాలి. పదేళ్లు హుండీలో పంపారు. ఆ డబ్బుతో ఇల్లు లేచింది. రిజిస్ట్రేషన్ భర్త పేరున, లేదా అన్న పేరున అయింది. తిరిగొచ్చాక మాటామాటా వచ్చి, ఇది నా కష్టం అన్నారనుకోండి. ఊరంతా అవునంటుంది, కోర్టు కాగితం అడుగుతుంది. ఎక్స్‌ఛేంజి రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటే ఏ నెల ఎంత పంపారో తారీఖులతో సహా రుజువవుతుంది. రాజంపేట, రాయచోటి వైపు కువైట్ డబ్బుతో కట్టిన మేడలు చాలా కనబడతాయి. వాటిలో ఎన్ని వాటికి డబ్బు పంపిన ఆడమనిషి పేరున ఉన్నాయో మీకు తెలిసిన నాలుగిళ్లు తలచుకుని చూడండి. దినారో, దినారున్నరో ఎక్స్‌ఛేంజి ఫీజు 60 దినార్ల జీతం మీద బరువే, కాదనడం లేదు. కానీ ఆ ఫీజుతో మీరు కొనుక్కునేది సాక్ష్యం. నెలనెలా కష్టమనిపిస్తే రెండు నెలలకోసారి పంపండి.

ఇంకొకరి బతాకా మీద పంపడం కూడా మానుకోండి. అకామా లేని స్నేహితురాలికి సాయం చేద్దామని మీ పేరున ఆమె డబ్బు పంపితే, రేపు ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పాల్సింది మీరు. కువైట్‌లో 2013 నాటి 106వ నంబరు చట్టం అక్రమ నగదు చలామణి మీద కఠినంగానే ఉంది. లైసెన్సు లేని డబ్బు మార్పిడిలో పట్టుబడితే హుండీవాడితోపాటు ఇచ్చినవాళ్లూ చిక్కుల్లో పడతారు. దేశం దాటించేస్తే మళ్లీ రావడం ఉండదు. డబ్బు పంపితే కువైట్ పన్ను వేస్తుందట, తొందరగా హుండీలో పంపేయండి అనే మాట కూడా మళ్లీ తిరుగుతుంటుంది. 2018లో ఇక్కడి పార్లమెంటు కమిటీల్లో ఆ ప్రతిపాదన మీద పెద్ద చర్చే జరిగింది. చట్టం కాలేదు.

ఫోను విషయం. మీ ఆధార్‌కు, బ్యాంకుకు ఊరి సిమ్ నంబరే ఇచ్చి ఉంటారు. ఆ సిమ్‌ను మూడు నెలలు వాడకుండా, రీచార్జి చేయకుండా వదిలేస్తే కంపెనీ దాన్ని ఆపేసి కొన్నాళ్లకు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మీ ఓటీపీలు ఆ కొత్త మనిషికి పోతాయి. 2023 జనవరిలో విదేశీ నంబరుతో యూపీఐ వాడుకోవడానికి పది దేశాల్లోని ఎన్నారైలకు అనుమతిచ్చినప్పుడు సౌదీ, ఒమన్, ఖతార్, యూఏఈ అందులో ఉన్నాయి, కువైట్ లేదు. కాబట్టి ఊరి సిమ్‌ను బతికించుకోవడం తప్పదు. దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి, తమ్ముడి ఫోన్‌లో కాదు. మీ పేరున ఉన్న ఏటీఎం కార్డు, పిన్ ఎవరి చేతిలో ఉంటే మీకు పడే పథకం డబ్బు వాళ్లదే అవుతుంది. ఎవరి చేతిలో ఉందో మీకు తెలుసు.

పీఎం కిసాన్ పేరుతో, ఇతర పథకాల పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. పిల్లలు అమ్మమ్మ ఫోన్‌లో దాన్ని నొక్కితే చాలు, ఖాతా ఖాళీ. ఏ ప్రభుత్వమూ డబ్బు వేయడానికి వాట్సాప్‌లో ఫైలు పంపదు. పోయిందని తెలిసిన నిమిషాల్లో 1930కి ఫోన్ చేయాలని ఇంట్లో ఒకరికైనా నేర్పండి. నెలకు ఐదువేలిస్తాం, మీ అమ్మ పాస్‌బుక్, సిమ్ మాకివ్వండి అని ఎవరైనా వస్తే ఆ మనిషిని గడప ఎక్కనివ్వొద్దు. అద్దెకిచ్చిన ఖాతాలో జరిగిన నేరానికి కేసు మీ అమ్మ మీదే పడుతుంది.

యజమాని జీతం చేతికి నగదుగా ఇస్తుంటే బ్యాంకులో వేయమని అడిగి చూడండి. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం జీతం ఆలస్యమైన ప్రతి నెలకూ యజమాని 10 దినార్లు అదనంగా ఇవ్వాలి. ఇది మాన్‌పవర్ అథారిటీలో అడిగి తీసుకోవాల్సిన హక్కు. జీతం సకాలంలో వస్తే హుండీవాడి దగ్గర అడ్వాన్సు అవసరమే ఉండదు. భారత రాయబార కార్యాలయం తన శిబిరాలను నగరంలోనే కాక సబా అల్ సలేం వంటి చోట్ల కూడా, శుక్రవారాల్లో, తెలుగు మాట్లాడే మనిషితో పెట్టాలి. ఇళ్లు దాటి రాలేనివాళ్ల దగ్గరికి హుండీవాడు రాగలిగినప్పుడు దూతావాసం ఎందుకు రాలేదో దూతావాసమే ఆలోచించుకోవాలి.

ఇప్పటికే హుండీలో పంపుతున్నవాళ్లు ముందు చేయాల్సిన పని ఇది. అమ్మ పేరున ఇంకో ఖాతా తెరిపించండి, మీరు ఎక్స్‌ఛేంజి ద్వారా పంపే డబ్బుకు అది వేరుగా ఉండాలి. ఆధార్‌తో ముడిపడి పథకాల డబ్బు పడే ఖాతాను దీనితో కలపొద్దు. కొత్త ఖాతాకు ఆధార్ సీడింగ్ చేయిస్తే పథకం డబ్బు దారి మళ్లిపోతుంది. ఆ సంగతి బ్యాంకులో ముందే చెప్పమనండి. వృద్ధాప్య పింఛను సచివాలయం వాళ్లు ఇంటికే నగదుగా తెచ్చిస్తారు కాబట్టి దానికి ఈ చిక్కు లేదు. ఈ రాత్రి పని అయ్యాక ఇంటికి ఫోన్ చేయండి. రేపు పొద్దున్నే పాస్‌బుక్ తీసుకుని బ్యాంకుకు వెళ్లి ఈ ఆరు నెలల లావాదేవీలు ప్రింటు వేయించమనండి. ముక్కూమొహం తెలియని పేర్ల నుంచి పడిన డబ్బు ఏదైనా కనబడితే దాన్ని ముట్టుకోకుండా ఆ సంగతి మేనేజరుకు రాతపూర్వకంగా తెలపమనండి. హుండీవాడి నంబరు మీ ఫోన్‌లోంచి తీసేయండి.